పేట బార్‌లో కూలింగ్ బీరు, పెరుగేసిన సిక్స్‌టీ ఫైవ్

చిక్కడపల్లి, నారాయణగూడ, ముషీరాబాద్, అమీర్‌పేట, సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల, ఎటు పోయినా ఒక బార్ అండ్ రెస్టారెంట్ తగిలేది. కింద నాన్ ఏసీ, మెట్లెక్కితే ఏసీ. కింద ట్యూబులైట్లు, సీలింగు ఫ్యాన్లు, మూలన టీవీలో క్రికెట్టు. పైన ఎదురుగా కూర్చున్నవాడి మొహం కూడా సరిగా కనబడనంత మసక, అదే ప్లేటుకు ఎక్కువ రేటు. తెలిసినవాళ్లు కిందే కూర్చునేవాళ్లు. వంటిల్లు దగ్గర కనక ప్లేటు పొగలు కక్కుతూ వచ్చేది. ఫ్రిజ్ కళ్లెదుటే ఉండేది కనక బేరర్ ఏ అరలోంచి సీసా తీస్తున్నాడో కనబడేది. ఈ రెండో సంగతి చాలా ముఖ్యం, ముందుముందు చెప్తాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబు హయాంలో ఎత్తేశారు. అప్పట్నించి, 2015లో తెలంగాణ మైక్రో బ్రూవరీలకు, అంటే బీరుని అక్కడికక్కడే తయారు చేసి పోసే బార్లకు, దారి తెరిచేదాకా ఉన్న కాలం ఈ పేట బార్లకు మంచి కాలం. బీరు అంటే అప్పుడు పెద్ద జాబితా ఏమీ లేదు. కింగ్‌ఫిషర్, నాకౌట్, హేవర్డ్స్ 5000, రాయల్ ఛాలెంజ్, ఇంకో రెండు మూడు. లైటా, స్ట్రాంగా అన్నదొక్కటే ప్రశ్న. లైట్ అంటే ఆల్కహాలు 5 శాతం లోపు, స్ట్రాంగ్ అంటే 8 శాతం దాకా. సీసా 650 మిల్లీలీటర్లు, కేసుకు 12 సీసాలు.

అన్ని బార్లలోనూ అదే ప్రభుత్వ మద్యం డిపో సరుకు, అవే సీసాలు. అయినా ఫలానా బార్‌లో బీరు బాగుంటుందని రెండు బస్టాపులు దాటి పోయేవాళ్లు ఉండేవాళ్లు. అది ఉత్త భ్రమ అనుకుంటే పొరపాటే. బాగుండటానికి మూడు కారణాలు: సరుకు తిరుగుడు, కూలింగు, గ్లాసు.

తిరుగుడు సంగతి. సీసా బీరుని కంపెనీలోనే దాదాపు 60 డిగ్రీల దగ్గర పాశ్చరైజ్ చేస్తారు కనక అది చెడిపోయి మనిషికి హాని చేయడం అరుదు. కానీ పాతబడుతుంది. లేబుల్ మీద మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. మన ఎండాకాలం గోడౌన్‌లో, రేకుల షెడ్డు కింద, 40 డిగ్రీల్లో పడి ఉంటే అంతకాలం కూడా ఆగదు. రెండు మూడు నెలలకే చేదు మెత్తబడి, తడిసిన అట్టముక్క వాసన మొదలవుతుంది. రోజుకు ఇరవై ముప్పై కేసులు కదిలే బార్‌లో పాత సీసా దొరికే వీలే లేదు. అందుకే జనం లేని బార్‌లో ప్రశాంతంగా తాగుదామనుకునేవాళ్లకు దొరికేది పాత బీరు. మూత అంచున తుప్పు, లైట్ బీరులో మసక, మెడ దగ్గర లోపలివైపు వలయంలా మడ్డి కనబడితే ఆ సీసా తెరిపించకూడదు. మూత తీశాక వాపసు చేయడం గొడవ. తీయకముందు అయితే బేరర్ నవ్వుతూ మార్చేవాడు.

ఆకుపచ్చ సీసా బీర్లకు ఇంకో తెగులు. బీరులో చేదునిచ్చే హాప్స్ పదార్థాలు వెలుతురు తగిలితే విరిగి, కాలిన రబ్బరు లాంటి కంపు పుడుతుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతుర్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది ఆపలేదు. అద్దాల తలుపు ఫ్రిజ్‌లో, ట్యూబులైటు కింద, ముందు వరసలో రోజుల తరబడి అలంకారంగా నిలబెట్టిన ఆకుపచ్చ సీసా ఎంత చల్లగా ఉన్నా వద్దు.

ఇక కూలింగు. "కూలింగ్ ఉందా భాయ్?" అనేది నమస్కారం కన్నా ముందు వచ్చే మాట. లైట్ బీరుకి 4 నుంచి 7 డిగ్రీలు సరిపోతుంది. మనవాళ్లు ఇంకా చల్లగా అడుగుతారు, మన ఎండల్లో అది తప్పేం కాదు. గ్లాసులో పోసిన పది నిమిషాలకే నాలుగైదు డిగ్రీలు ఎక్కేస్తుంది మరి. అసలు చిక్కు ఫ్రిజ్‌తోనే. 35 డిగ్రీల్లో ఉన్న కేసుని తెచ్చి పేరిస్తే సీసా లోపలి దాకా చల్లబడటానికి నాలుగైదు గంటలు కావాలి. శనివారం సాయంత్రం ఏడున్నరకల్లా చల్లటి సీసాలు అయిపోతాయి. ఎనిమిదింటికి వచ్చేవి ఆరింటికి పేర్చినవి. సీసా పైన చెమట పట్టి ఉంటుంది, లోపల బీరు నులివెచ్చగానే ఉంటుంది. చెమటను చూసి మోసపోకూడదు. అది గాలిలో తేమ, చల్లదనానికి కొలత కాదు. సీసా అడుగున అరచెయ్యి పెట్టి చూడాలి. వేళ్లు జివ్వుమంటే సరే. కింద కూర్చుంటే లాభం ఇక్కడే. కొత్త కేసుని ముందు వరసలో పేరుస్తారు, పొద్దున పెట్టినవి వెనకాల ఉంటాయి. "అన్నా, వెనకది తియ్యి" అంటే చాలు.

మంచి బార్లలో ఫ్రిజ్ చాలని రోజున పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టేవాళ్లు. ఉత్త ఐసు ముక్కల్లో సీసా గుచ్చితే ఐసు తగిలిన చోటే చల్లబడుతుంది, మధ్యలో గాలి ఉండిపోతుంది. ఐసులో సీసా మెడదాకా నీళ్లు పోసి, రెండు గుప్పిళ్ల కల్లుప్పు వేస్తే నీళ్లు సున్నా కన్నా కిందికి దిగుతాయి, సీసా చుట్టూ పట్టుకుంటాయి. అరగంట లోపే చేతికొస్తుంది. ఓపిక లేని ఓనర్లు సీసాల్ని ఐస్‌క్రీమ్ ఫ్రీజర్‌లో పడేసేవాళ్లు. 5 శాతం బీరు సున్నాకి రెండు మూడు డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. గడ్డకట్టకుండా ఆ అంచున ఆగిన సీసా మూత తీయగానే గ్యాసు బయటికి తోసుకొచ్చి, బుడగ బుడగ చుట్టూ మంచు పట్టి, కళ్లముందే సీసా మొత్తం గోలాలా అయిపోతుంది. చూడ్డానికి సరదాగా ఉంటుంది కానీ గ్యాసు పోయి, మంచు కరిగాక మిగిలేది చప్పిడి నీళ్లు. అలాంటి సీసాని మూత తీయకుండా ఐదు నిమిషాలు కుళాయి నీళ్లలో ఉంచితే దారికొస్తుంది.

ఇద్దరు కూర్చుంటే ఒక సీసా తెరిపించి చెరి సగం, అది అయ్యాక రెండోది. నలుగురైతే రెండు. ఒకేసారి నలుగురికీ నాలుగు మూతలు తీయించి పెట్టుకునే బల్ల మీద, చివరి గ్లాసు ఎప్పుడూ వేడే. ఒకేసారి తీసేస్తే బేరర్లకు మళ్లీ మళ్లీ బల్ల దగ్గరికి తిరిగే పని తప్పుతుంది, కనక "తీసేయమంటారా సార్?" అని ఓపెనర్ మూత మీద పెట్టే అడిగేవాళ్లు. వద్దనడం రావాలి.

గ్లాసు దగ్గర చాలా బార్లు చెడిపోయేవి. సిక్స్‌టీ ఫైవ్ ప్లేట్లు కడిగిన తొట్టిలోనే గ్లాసులు కడిగితే అంచున నూనె పొర పట్టుకుంటుంది. నూనెకి నురుగు నిలవదు. సబ్బు సరిగా పోకపోయినా అంతే. పోయగానే బుస్సుమని లేచి నిమిషంలో పడిపోయిందంటే బీరుది తప్పు కాదు, గ్లాసుది. గ్లాసు గోడకి బుడగలు అక్కడక్కడా అతుక్కున్నా అదే జబ్బు. విడిగా కడిగి, చన్నీళ్లతో తొలిచి, గుడ్డతో తుడవకుండా జాలీ మీద బోర్లించిన గ్లాసులో నురుగు చివరిదాకా ఉంటుంది, గుటకకో గీత పడుతుంది. గ్లాసుల్ని ఫ్రీజర్‌లో పెట్టి తెల్లగా మంచు పట్టించి ఇవ్వడం తర్వాత వచ్చిన షోకు. ఆ మంచు కరిగి బీరులోనే కలుస్తుంది.

పోయడం: గ్లాసుని వాల్చి గోడ వెంట ముప్పావు వంతు, తర్వాత నిలబెట్టి మధ్యలోకి. రెండు వేళ్ల మందం నురుగు రావాలి. నురుగు రాకుండా పోయడమే నేర్పు అనుకునేవాళ్లు చాలామంది. బయటికి పోవాల్సిన గ్యాసు కడుపులోకి పోతుంది. అర సీసాకే పొట్ట బిగుసుకుని, మంచి స్టఫ్, అంటే నంజుకునే ప్లేట్లు, వచ్చే వేళకి తినలేక కూర్చుంటారు. గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి నురుగు తెప్పించే పెద్దమనుషులూ ఉండేవాళ్లు. గ్యాసు దిగుతుంది, నిజమే. రుచి కూడా దాంతోపాటే దిగుతుంది.

ఇక్కడ గ్లిజరిన్ వేడుక చెప్పకపోతే అప్పటి బార్ జ్ఞాపకం పూర్తి కాదు. ఒక గ్లాసు నిండా నీళ్లు తెప్పించేవాళ్లు. సీసా మూత తీసి, బొటనవేలు అడ్డం పెట్టి, బోర్లించి మెడను నీళ్లలో ముంచి వేలు తీసేవాళ్లు. సీసాలోంచి బంగారు రంగు తీగ ఒకటి మెలికలు తిరుగుతూ అడుగుకి దిగేది. "చూశావా, గ్లిజరిన్! ఇదే తలనొప్పి తెచ్చేది" అని బల్లంతా తల ఊపేది. ఆ దిగేది బీరే. నీళ్లకన్నా బీరు సాంద్రత కాస్త ఎక్కువ, అందుకే తీగలా కిందికి జారుతుంది, నీళ్లు పైకెక్కుతాయి. గ్లిజరిన్ బీరులో లేకపోలేదు. పులిసేటప్పుడు ఈస్టే దాన్ని కొద్దిగా, లీటరుకి గ్రాము రెండు గ్రాముల లెక్కన తయారు చేస్తుంది. అది పూర్తిగా కరిగి ఉంటుంది, ఏ వేడుక చేసినా విడిపోదు. రెండు నిమిషాల ఈ తతంగానికి ఫలితం, డబ్బిచ్చి కొన్న బీరులో కొన్ని నీళ్లు కలవడం. అయినా బల్ల మీద ఎవరూ కాదనేవాళ్లు కాదు.

ఇంక స్టఫ్. నిజం చెప్పాలంటే పేట బార్‌ని బతికించింది వంటిల్లే.

కూర్చోగానే అడక్కుండా వచ్చేవి గుగ్గిళ్లు. ఉడికించిన శనగలు, పైన నాలుగు ఉల్లిముక్కలు, నిమ్మచెక్క. తర్వాత డబ్బులిచ్చి తెప్పించుకునే మొదటి ప్లేటు పల్లీ మసాలా. వేయించిన పల్లీలు 100 గ్రాములకి సన్నగా తరిగిన ఉల్లిపాయ సగం, గింజలు తీసేసిన టమాట సగం, ఒక పచ్చిమిర్చి, కొత్తిమీర, అర చెంచా కారం, చాట్ మసాలా, అరచెక్క నిమ్మరసం. ఉప్పు చివర్న, ప్లేటు వంటిల్లు దాటేటప్పుడే. ఉప్పు తగిలిన టమాట, ఉల్లిపాయ పది నిమిషాల్లో నీరు వదులుతాయి, పల్లీలు మెత్తబడతాయి. రద్దీ రోజున ఒక గిన్నెడు ముందే కలిపి పెట్టుకునే వంటిల్లు ఈ ప్లేటుతోనే దొరికిపోతుంది.

చికెన్ 65 పుట్టింది చెన్నై బుహారీ హోటల్‌లో అంటారు. హైదరాబాద్ బార్లు దానికి పెరుగు కలిపి తమ సొంతం చేసుకున్నాయి. బీరు పక్కకి ఇంతకన్నా కుదిరిన ప్లేటు లేదని నా తీర్పు, దానికి కారణం కూడా ఆ పెరుగే. మిరపకాయ మంట మీద బీరు పోస్తే మంట తగ్గదు. గ్యాసు, ఆల్కహాలు రెండూ నాలుకని ఇంకా రేపుతాయి. 5 శాతం ఆల్కహాలు కారాన్ని కరిగించలేదు. కరిగించి తీసుకుపోయేవి పెరుగులోని కొవ్వు, ప్రోటీన్లు. ముక్క చుట్టూ పెరుగు పూత ఉండబట్టే అంత కారంలోనూ తర్వాతి గుటక హాయిగా దిగుతుంది. పొడిపొడిగా చేసిన సిక్స్‌టీ ఫైవ్‌కి ఆ సుఖం లేదు.

బార్ లెక్కలో అరకిలో బోన్‌లెస్. తొడ ముక్క అయితే ఎండిపోదు, రొమ్ము ముక్క అయితే అంగుళం కన్నా చిన్నగా కొట్టకూడదు. అల్లంవెల్లుల్లి ముద్ద చెంచాన్నర, కారం రెండు చెంచాలు, ఉప్పు ఒక చెంచా, మిరియాల పొడి అర చెంచా, పసుపు, అరచెక్క నిమ్మరసం పట్టించి గంటసేపు ఉంచాలి. ఒక గుడ్డు, కార్న్‌ఫ్లోర్ మూడు పెద్ద చెంచాలు, మైదా ఒక పెద్ద చెంచా మాత్రం నూనె కాగుతున్నప్పుడే కలపాలి. ముందే కలిపి ఫ్రిజ్‌లో పెడితే ఉప్పుకి మాంసం నీరు వదిలి పిండి జావలా అవుతుంది, నూనెలో పడగానే పూత ఊడి అడుగున మాడుతుంది. నూనె 170 నుంచి 180 డిగ్రీలు. థర్మామీటరు లేకపోతే ఓ చుక్క పిండి వేసి చూడండి. మునిగి వెంటనే తేలాలి. మూకుడుని నింపేయకుండా రెండు వాయిలుగా, వాయికి ఐదారు నిమిషాలు.

తర్వాతిదే మాస్టర్ చేతివాటం. వేరే పెనంలో రెండు చెంచాల నూనె, సన్నగా తరిగిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, చీరిన పచ్చిమిర్చి నాలుగు, రెండు రెమ్మల కరివేపాకు. కరివేపాకు చిటపట ఆగాక మంట బాగా తగ్గించి, చెంచా కారం కలిపి గిలక్కొట్టిన ముప్పావు కప్పు పెరుగు పోయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగుని తిన్నగా కాగిన పెనంలో పోస్తే విరిగి గింజలు గింజలవుతుంది. బయటపెట్టి చల్లదనం పోనివ్వాలి. కలుపుతూ మంట పెంచితే నీరు ఇగిరి, అంచున నూనె తేలుతుంది. అప్పుడే ముక్కలు వేసి నిమిషం ఎగరేసి దించడం. పెరుగు ఇంకా నీళ్లగా ఉండగానే ముక్కలు వేస్తే పూతంతా నానిపోతుంది. బల్ల మీదికి తడితడిగా, ఎర్రటి నీళ్లతో వచ్చే సిక్స్‌టీ ఫైవ్‌కి కారణం ఈ అర నిమిషం తొందరే. అప్పట్లో రంగు కూడా బాగా దట్టించేవాళ్లు, వేళ్లు మర్నాటిదాకా ఎర్రగా ఉండేవి. కాశ్మీరీ కారం వాడితే ఆ అవసరం లేదు.

చికెన్ మెజెస్టిక్, అపోలో ఫిష్ కూడా హైదరాబాద్ మెనూల్లో తప్పకుండా ఉండేవే. మెజెస్టిక్‌కి పొడుగు ముక్కల్ని రాత్రంతా మజ్జిగలో నానబెడతారు. అపోలోకి కొరమీను అయితేనే అందం, మెత్తటి చేప అయితే పెనంలో ఎగరేసేటప్పుడే చిదిరిపోతుంది.

బోటీ ఫ్రై ఉన్న బార్‌కి వేరే గౌరవం. శుభ్రం చేయడంలోనే సగం పని. పొట్ట ముక్కని బాగా కాగిన నీళ్లలో నిమిషంలోపు ముంచి తీసి కత్తితో గీరితే నల్లపొర వస్తుంది. ఎక్కువసేపు ఉంచితే పొర గట్టిగా పట్టేసి ఇక రాదు. సున్నం రాసి తీసేవాళ్లూ ఉన్నారు, వాళ్లు ఎన్నోసార్లు కడగాలి. కల్లుప్పు, పసుపుతో రుద్ది, మొదటి ఉడుకు నీళ్లు పారబోసి, కుక్కర్‌లో ఆరేడు విజిల్స్. ఇదంతా పొద్దున్నే అయిపోవాలి. ఆర్డరొచ్చాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ధనియాల పొడి, మిరియాలతో ఎర్రగా వేపడమే. అందుకే బోటీ మధ్యాహ్నం ఒంటిగంటకి బాగుంటుంది, రాత్రి తొమ్మిదింటికి ఉంటే అనుమానించాలి. లివర్ దీనికి పూర్తిగా ఎదురు. పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు, ఉప్పు దించేముందు. ఇంకో రెండు నిమిషాలు ఆగితే తోలే.

ఆర్డరిచ్చే తీరు కూడా ఉంది. లైట్ బీరుతో పల్లీలు, ఉల్లి పకోడీ, గుడ్డు బుర్జీ. స్ట్రాంగ్‌లో తీపి తెలుస్తుంది, దానికి బోటీ, మిరియాల లివర్ లాంటి ఘాటైనవి. ప్లేట్లన్నీ ఒకేసారి చెప్తే వంటింట్లో ఏది ముందు తయారైతే అది ముందొస్తుంది, సిక్స్‌టీ ఫైవ్ చల్లారిపోతుంది. ఒకటి సగమయ్యాక ఇంకోటి చెప్పడం పద్ధతి. చివర బిర్యానీ అంటారు చాలామంది. అంత మసాలా తిన్న నోటికి దాని రుచి ఎక్కడ తెలుస్తుంది? ఆవకాయ ముక్కతో పెరుగన్నం అడిగితే పెట్టే బార్లు అప్పట్లో ఉండేవి, బుద్ధిమంతులు అదే తినేవాళ్లు.

బిల్లు దగ్గర సూత్రం ఒక్కటే: ఖాళీ సీసాలు బల్ల కిందే ఉండాలి. బేరర్ తీసుకెళ్తానన్నా వద్దనాలి, లెక్క వాటితోనే. బండి తోలేవాడికి ఒక్క స్ట్రాంగ్ సీసా కూడా ఎక్కువే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. నడిచి ఇంటికి పోయేంత దూరంలో ఉండటం పేట బార్‌కి ఉన్న పెద్ద సుగుణం.

మైక్రో బ్రూవరీల బీరు తాజాది, అందులో సందేహం లేదు. గోధుమ బీరులో ఈస్టు తెచ్చే అరటిపండు, లవంగం వాసనలు పేట బార్ల ఆనాటి సీసా బీరులో లేవు. కానీ పిచ్చర్, అంటే పెద్ద జగ్గు, తెప్పించుకుని ముగ్గురు మెల్లగా తాగితే సగంలో వేడెక్కి గ్యాసు దిగిపోతుంది, గ్లాసు గ్లాసుగా తీసుకోవడమే మేలు. బీరు వచ్చే పైపులు రెండు వారాలకోసారి కడగకపోతే వెన్న వాసన, పులుపు తగులుతాయి. అక్కడ బోటీ అడిగితే మొహం చూస్తారు. ఆంధ్రలో అయితే 2019 అక్టోబరులో మద్యం షాపులు ప్రభుత్వం చేతికి పోయినప్పుడు, షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూములే మూతబడ్డాయి. ప్రైవేటు షాపులు మళ్లీ వచ్చింది 2024 అక్టోబరులో.

పాత రకం బార్లు హైదరాబాద్‌లో ఇంకా ఉన్నాయి. బోర్డు చూసి పోకండి. మధ్యాహ్నం పన్నెండున్నరకి తలుపు తీసి చూడండి. రిటైరైన పెద్దలు నలుగురైదుగురు విడివిడి బల్లల దగ్గర పేపరు చదువుతూ కూర్చుని ఉన్నారా, గ్లాసులు జాలీ మీద బోర్లించి ఉన్నాయా, వంటింట్లోంచి కరివేపాకు వేగుతున్న వాసన వస్తోందా? అయితే కింది హాల్లో ఫ్రిజ్ కనబడే బల్ల చూసుకుని ఒక లైటు, ఒక పల్లీ మసాలా చెప్పండి. పల్లీలు కరకరలాడితే సిక్స్‌టీ ఫైవ్ చెప్పొచ్చు. తడిసి వస్తే ఆ ఒక్క సీసా తాగి, బిల్లు కట్టి బయటికొచ్చేయండి.